బుల్లెట్ ట్రైన్ వస్తే ఆగేదెక్కడ, పోయేది ఎవరి పొలం?

2026 ఫిబ్రవరి 1న కేంద్ర బడ్జెట్‌లో ఏడు హైస్పీడ్ రైలు కారిడార్లు అని ప్రకటించాక ఈ శీర్షికకి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా దాని గురించే. ఏడింటిలో మూడు హైదరాబాద్‌ని తాకేవే: పుణె–హైదరాబాద్, హైదరాబాద్–బెంగళూరు, హైదరాబాద్–చెన్నై. మిగతావి ముంబై–పుణె, చెన్నై–బెంగళూరు, ఢిల్లీ–వారణాసి, వారణాసి–సిలిగురి. అందుకే ఈసారి వేరే ప్రశ్నలు పక్కన పెట్టి మొత్తం రైలు గురించే రాస్తున్నా. ముప్పై ఏళ్ళు రైల్వేలో సెక్షన్ కంట్రోలర్‌గా చేసి రిటైరైనవాణ్ణి, రైలంటే నాకు ప్రాణం, జవాబుల్లో ఎక్కడైనా గొంతు పెరిగినట్టు అనిపిస్తే ఆ ప్రేమ వల్లే అనుకోండి.

సార్ నమస్తే. నేను డిగ్రీ సెకండియర్. 2030కల్లా అనంతపురం నుంచి హైదరాబాద్‌కి గంటలో వెళ్ళిపోవచ్చని మా వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతోంది, నిజమేనా? మా నాన్న మాత్రం ఇవన్నీ ఎలక్షన్ మాటలురా అంటున్నాడు.
– విద్యార్థి, అనంతపురం

నాయనా, మీ నాన్నగారన్నట్టు పూర్తిగా కొట్టిపారేయలేం గానీ 2030 అన్న మాట మాత్రం నమ్మకు. బడ్జెట్‌లో పేరు రావడం అంటే పెళ్ళిచూపులకి వచ్చి కాఫీ తాగి వెళ్ళినట్టు లెక్క, ఇంకా తాంబూలాలు కూడా కాలేదు. దీని తర్వాత డీపీఆర్, అంటే ప్రాజెక్టు పూర్తి వివరాల నివేదిక కావాలి, డబ్బు ఎక్కడి నుంచో తేలాలి, కేబినెట్ ఒప్పుకోవాలి, భూమి తీసుకోవాలి, టెండర్లు పిలవాలి, అప్పుడు గానీ మొదటి పిల్లర్‌కి గుంత తవ్వరు.

ఎంత టైం పడుతుందో తెలియాలంటే మన దేశంలో ఇప్పుడు కడుతున్న ఒకే ఒక్క బుల్లెట్ లైన్ చూడు. ముంబై–అహ్మదాబాద్, 508 కిలోమీటర్లు, 12 స్టేషన్లు. దీనికోసం 2016లో నేషనల్ హైస్పీడ్ రైల్ కార్పొరేషన్ అని ప్రత్యేకంగా కంపెనీ పెట్టారు, 2017 సెప్టెంబర్ 14న మోదీ గారు, జపాన్ ప్రధాని షింజో అబే కలిసి శంకుస్థాపన చేశారు. 2022, 2023కల్లా రైలు తిరుగుతుందన్నారు. తీరా చూస్తే భూసేకరణ మొత్తం పూర్తయిందని చెప్పిందే 2024 జనవరిలో! ఆరేళ్ళ పైన భూమికే పోయింది. మొదటి ముక్కగా సూరత్–బిలిమోరా మధ్య 2027 ఆగస్టులో నడుపుతాం అంటున్నారు. అంటే శంకుస్థాపన నుంచి మొదటి రైలుకి పదేళ్ళు, అదీ మొత్తం లైన్ కాదు.

మన దగ్గర అంత లేట్ కాకపోవచ్చు, ఎందుకంటే పిల్లర్ల మీద గిర్డర్లు, అంటే పట్టాల్ని మోసే పెద్ద దూలాలు పెట్టే మెషిన్లు, ఆ పని నేర్చుకున్న మన ఇంజినీర్లు ఇప్పుడు ఉన్నారు, అప్పుడు లేరు. అయినా నువ్వు డిగ్రీ అయ్యి, ఉద్యోగం తెచ్చుకుని, పెళ్ళి చేసుకుని, మీ పిల్లల్ని స్కూల్లో వేసే టైంకి ఈ రైలు ఎక్కితే నేను సంతోషిస్తా. హైదరాబాద్–బెంగళూరు రెండు గంటలు, హైదరాబాద్–చెన్నై 2 గంటల 55 నిమిషాలు అని రైల్వే మంత్రి అశ్వినీ వైష్ణవ్ గారు చెప్పిన లెక్క, అది మధ్యలో ఎన్ని చోట్ల ఆగుతుందో దాన్ని బట్టి మారుతుంది. ముంబై లైన్‌లోనే చూడు, కొన్ని చోట్లే ఆగితే 2 గంటల 7 నిమిషాలు, అన్ని స్టేషన్లలో ఆగితే దాదాపు మూడు గంటలు. మీ అనంతపురంలో ఆగుతుందా ఆగదా అన్నది ముందు అడగాల్సిన ప్రశ్న, ఎంత స్పీడ్ అన్నది తర్వాత.

అయ్యా, మాది కర్నూలు జిల్లా. ఆరెకరాలు మాది, ఇంకో నాలుగెకరాలు మా తమ్ముడు కౌలుకి చేస్తాడు. హైదరాబాద్–బెంగళూరు బుల్లెట్ రైలు మా మీదుగానే పోతుందని ఊళ్ళో ఒకటే మాటలు. ఎవరెవరో కార్లలో వచ్చి పొలాలు చూసి పోతున్నారు, ఇప్పుడే అమ్మేస్తే మంచిది తర్వాత గవర్నమెంట్ ఏమీ ఇవ్వదు అని ఒకాయన చెప్పాడు. ఇంట్లో నిద్ర లేదు. ఏం చేయమంటారు?
– రైతు, కర్నూలు జిల్లా

అయ్యా, ముందుగా ఒక్క మాట, ఆ కార్లలో వచ్చినవాళ్ళకి ఒక్క సెంటు కూడా అమ్మొద్దు, అడ్వాన్స్ తీసుకోవద్దు, తెల్ల కాగితం మీద సంతకం అసలే వద్దు. గవర్నమెంట్ ఏమీ ఇవ్వదు అన్నవాడు మీ మేలు కోరి చెప్పలేదు. ఇవ్వకపోతే వాడెందుకు కొంటాడు చెప్పండి?

ఎవరో వచ్చి కొలతలేసినంత మాత్రాన, రాయి పాతినంత మాత్రాన మీ భూమి పోయినట్టు కాదు. గెజిట్‌లో నోటిఫికేషన్ వచ్చి అందులో మీ సర్వే నంబర్ ఉంటేనే భూసేకరణ మొదలైనట్టు. ఆ నోటిఫికేషన్ వచ్చిన రోజు మొదట చూడాల్సింది అది ఏ చట్టం కింద వచ్చిందని. 2013 భూసేకరణ చట్టం కింద అయితే అభ్యంతరం చెప్పడానికి 60 రోజులు ఉంటుంది, రైల్వే చట్టం కింద ప్రత్యేక ప్రాజెక్ట్ అని వస్తే 30 రోజులే. ఈ తేడా తెలియక గడువు దాటిపోయిన రైతుల్ని నేను చూశా. పరిహారం లెక్క మాత్రం రెండు దారుల్లోనూ 2013 చట్టం ప్రకారమే కట్టాలి.

ఆ లెక్క ఎలా అంటే, మీ చుట్టుపక్కల గత మూడేళ్ళలో జరిగిన రిజిస్ట్రేషన్లు తీసుకుంటారు, వాటిలో ఎక్కువ ధర పలికిన సగం దస్తావేజుల సగటు కడతారు, అది గానీ గవర్నమెంట్ మార్కెట్ విలువ గానీ ఏది ఎక్కువైతే అది. పల్లెల్లో దాన్ని 1 నుంచి 2 మధ్య ఒక అంకెతో గుణిస్తారు, ఆ అంకె ఎంతన్నది రాష్ట్రం నిర్ణయిస్తుంది. చెట్లు, బోరు, పైపులైను, షెడ్డు వీటి విలువ కలుపుతారు. వచ్చిన మొత్తానికి మళ్ళీ నూరు శాతం అదనం. ఇది కాక నోటిఫికేషన్ నుంచి అవార్డు, అంటే పరిహారం ఖరారు చేసే ఉత్తర్వు దాకా మార్కెట్ విలువ మీద ఏడాదికి 12 శాతం. వినడానికి బాగానే ఉంటుంది కదా, అసలు చిక్కు ఎక్కడంటే మన దగ్గర అందరూ పది లక్షలకి కొని మూడు లక్షలకి రిజిస్ట్రేషన్ చేయించుకుంటారు, స్టాంపు ఖర్చు మిగిలిందని సంబరపడతారు, రేపు భూసేకరణలో ఆ మూడు లక్షలే సాక్ష్యం అవుతుంది. కాబట్టి ఇప్పటి నుంచే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకి వెళ్ళి మీ ఊళ్ళో, పక్క ఊళ్ళో నిజమైన ధరకి జరిగిన దస్తావేజుల నకళ్ళు తీసి పెట్టుకోండి. ఊరంతా కలిసి చేస్తే ఖర్చు కూడా తక్కువే.

పాసుబుక్, 1బీ, అడంగల్ మీ పేరు మీదే ఉన్నాయా చూసుకోండి. తాత పేరు మీద ఉంటే ఇప్పుడే మార్పించుకోండి, అవార్డు టైంలో అన్నదమ్ములు కోర్టుకెక్కితే డబ్బు అక్కడే ఆగిపోతుంది. బోరు ఎక్కడుందో, చెట్లు ఎన్నో తేదీ పడేలా ఫోటోలు తీసి పెట్టుకోండి.

ఇక మీ తమ్ముడి సంగతి, దీని గురించి ఎవరూ చెప్పరు. చట్టంలో ప్రభావిత కుటుంబం అంటే భూమి ఉన్నవాడు ఒక్కడే కాదు. సేకరణకి ముందు మూడేళ్ళుగా ఆ భూమి మీదే బతుకుతున్న కౌలు రైతు, కూలీ కుటుంబం కూడా అందులోకి వస్తారు. గవర్నమెంట్ ఇచ్చిన అసైన్డ్ పట్టా ఉన్నవాళ్ళు కూడా. కౌలు రైతుకి, కూలీకి భూమి ధర రాదు గానీ పునరావాసం కింద కుటుంబానికి ఉద్యోగం, లేకపోతే ఒకేసారి 5 లక్షలు, లేకపోతే ఇరవై ఏళ్ళ పాటు నెలకి కొంత చొప్పున, వీటిలో ఒకటి రావాలి. అయితే కౌలు చేస్తున్నట్టు కాగితం కావాలి! మీ తమ్ముడికి కౌలు కార్డు లేకపోతే ఆ నాలుగెకరాల యజమానిని బతిమాలైనా ఈ ఏడే తీయించండి.

పొలం మధ్యలోంచి లైన్ పోయి రెండు ముక్కలైతే ఆ నష్టాన్ని కూడా లెక్కలో అడగొచ్చు. ముంబై లైన్ చాలా వరకు పిల్లర్ల మీదే పోతుంది, అక్కడ 17.5 మీటర్ల వెడల్పు మేరకే భూమి తీసుకున్నారు, కింద నుంచి అటూ ఇటూ పోవడానికి వీలుంటుంది. మట్టి కట్ట వేస్తే మాత్రం అది గోడే, వాన నీళ్ళు కూడా ఆగిపోతాయి. కేరళలో సిల్వర్‌లైన్ అనే రైలు ప్రాజెక్టు మీద అంత గొడవ జరగడానికి ఒక కారణం ఇదే, 529 కిలోమీటర్లలో సగానికి పైగా కట్ట మీద డిజైన్ చేశారు, పైగా జనంతో సరిగ్గా మాట్లాడకముందే ఇళ్ళ ముందు పసుపు రాళ్ళు పాతారు, ఆడవాళ్ళు ఆ రాళ్ళు పీకి పారేశారు, చివరికి 2022 మేలో రాళ్ళు పాతడం ఆపేశారు. అందుకని గ్రామసభలో మీరు గట్టిగా అడగాల్సింది పిల్లరా, కట్టా అని.

పరిహారం తీసుకునేటప్పుడు ఈ ధరకి ఒప్పుకోవడం లేదు, అభ్యంతరంతో తీసుకుంటున్నా అని రాసి మరీ తీసుకోండి, అప్పుడే ఎక్కువ అడిగే హక్కు మిగులుతుంది. గుజరాత్ రైతులు ముంబై లైన్ మీద హైకోర్టుకి వెళితే 2019 సెప్టెంబర్‌లో భూసేకరణ చెల్లుతుందనే తీర్పు వచ్చింది, కానీ ధర ఎక్కువ అడిగే దారి మాత్రం కోర్టు మూసేయలేదు.

ఇంత పొడుగ్గా ఎందుకు రాశానంటే మా నాన్న రెండెకరాలు ఒక కాలువ కింద పోయాయి. ఆ ఆఫీసు పేరు ఇప్పుడు అనవసరం, కానీ డబ్బు చేతికి రావడానికి ఏడేళ్ళు పట్టింది, అప్పటికి మా అక్క పెళ్ళి అప్పు చేసి చేశాం. ఆయన ఒక్క కాగితం కూడా దాచుకోలేదు, ఎవరూ దాచమని చెప్పలేదు. మీకు చెప్పకుండా ఊరుకోలేను.

సర్, నేను బెంగళూరులో సాఫ్ట్‌వేర్, ఇల్లు హైదరాబాద్. నెలకి రెండుసార్లు స్లీపర్ బస్సే గతి. కర్నూలు దగ్గర బస్సు కాలిపోయిన రాత్రి నేను కూడా అదే రోడ్డు మీద ఇంకో బస్సులో ఉన్నా, మా అమ్మ ఆ రోజు నుంచి బస్సు అంటే ఏడుస్తుంది. ఇలాంటప్పుడు బుల్లెట్ ట్రైన్ వద్దు అనేవాళ్ళని చూస్తే కోపం వస్తుంది. వాళ్ళ ప్రాబ్లం ఏంటి?
– బెంగళూరు నుంచి ఒక పాఠకుడు

బాబూ, 2025 అక్టోబర్ 24 తెల్లవారుజామున చిన్నటేకూరు దగ్గర జరిగింది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది, ఇరవై మంది దాకా పోయారు, అందరూ పొద్దున్నే ఇంటికో ఉద్యోగానికో చేరాల్సినవాళ్ళు. మీ అమ్మగారి భయం నాకు అర్థమవుతుంది. హైదరాబాద్–బెంగళూరు మధ్య మంచి రైలు కావాలి అనడంలో రెండో మాట లేదు. దాదాపు 570 కిలోమీటర్ల రోడ్డు, కాచిగూడ–యశ్వంత్‌పూర్ వందే భారత్‌కి ఇప్పటికీ ఎనిమిది గంటల పైనే పడుతోంది. విమానం గంటా పది నిమిషాలే గానీ శంషాబాద్ వెళ్ళడం, దేవనహళ్ళి నుంచి ఊళ్ళోకి రావడం కలిపితే సగం రోజు పోతుంది. ఇలాంటి దూరానికే హైస్పీడ్ రైలు కరెక్టుగా సరిపోతుంది, నా అభిప్రాయంలో ఏడింటిలో బాగా పనికొచ్చే లైన్లలో ఇదొకటి.

వద్దనేవాళ్ళ మీద మాత్రం కోపం పెట్టుకోకు. పైన కర్నూలు రైతు ఉత్తరం చదివావు కదా, నువ్వు రెండు గంటల్లో ఇంటికి చేరాలంటే ఆయన పొలం కావాలి, ఆయన ఊళ్ళో ఆ రైలు ఆగదు. మరి ఆయన ఎందుకు సరే అనాలి అన్న ప్రశ్నకి గవర్నమెంటే జవాబు చెప్పాలి, నువ్వూ నేనూ కాదు.

ఇంకోటి, టికెట్ ధర. ముంబై లైన్ గురించి 2018లో అధికారులు 250 నుంచి 3,000 రూపాయల దాకా ఉంటుందన్నారు, అదీ అప్పటి ఖర్చు లెక్కన. ఖర్చు పెరిగితే టికెట్ అక్కడే ఎలా ఉంటుంది? మెట్రో శ్రీధరన్ గారు, కొంకణ్ రైల్వే, ఢిల్లీ మెట్రో కట్టించినాయన, 2018లోనే బుల్లెట్ ట్రైన్ డబ్బున్నవాళ్ళకే, మామూలు మనిషికి అందదు, దేశానికి కావాల్సింది శుభ్రంగా, భద్రంగా, వేగంగా నడిచే రైళ్ళు అన్నారు. ఆయన మాటని తేలిగ్గా తీసుకోలేం. ఈ రైలు నీ జీతానికి అందుతుంది. బెంగళూరులో సెక్యూరిటీ గార్డుగా చేసే కర్నూలు కుర్రాడు మాత్రం అప్పుడూ అదే బస్సులో వస్తాడు. ఆ బస్సుల్లో ఎమర్జెన్సీ డోర్ తెరుచుకుంటుందా లేదా అన్నది బుల్లెట్ ట్రైన్ వచ్చేదాకా ఆగే విషయం కాదు.

అన్నా, హైవే పక్కన వెంచర్ల ప్లాట్లు అమ్ముతున్నరు, బుల్లెట్ ట్రైన్ స్టేషన్ ఇక్కడ్నే వస్తది, రెండేండ్లల్ల డబుల్ అయితది అంటున్నరు. బిడ్డ పెండ్లికి దాచిన పైసలున్నయి. కొనాల్నా?
– మహబూబ్‌నగర్ జిల్లా నుంచి

వద్దు తమ్మీ. అలైన్‌మెంట్, అంటే ఎటు నుంచి ఎటు పోవాల్నో, ఖరారు కాని లైన్‌కి స్టేషన్ ఎక్కడో ఆ ఏజెంట్‌కి ఎట్ల తెలిసింది? నీ ప్లాట్ మీదుగానే లైన్ పోతే ఆ ప్లాటే సేకరణలో పోతది. ఒకవేళ స్టేషన్ నిజంగా అక్కడే వచ్చినా పక్కన ఊరు లేస్తదని గ్యారంటీ లేదు. ఫ్రాన్స్‌లో రెండు ఊళ్ళ మధ్య ఎవరికీ కోపం రాకుండా పొలాల్లో ఒక స్టేషన్ కట్టారు, ఓట్ పికార్దీ అని, చుట్టూ బీట్‌రూట్ చేలే కాబట్టి జనం దానికి బీట్‌రూట్ స్టేషన్ అని పేరు పెట్టారు, ఇప్పటికీ ఆ పేరే. జపాన్‌లో షిన్ యోకొహామా కూడా 1964లో పొలాల మధ్యే కట్టారు, అది పెద్ద సెంటర్ కావడానికి ఇరవై ఏళ్ళ పైన పట్టింది, అదీ లోకల్ రైళ్ళు, సబ్‌వే అక్కడిదాకా వచ్చాక. బిడ్డ పెండ్లి పైసలు బ్యాంకులనే ఉండనియ్.

లక్ష కోట్లు, రెండు లక్షల కోట్లు అని వింటున్నాం. జపాన్ దాదాపు వడ్డీ లేకుండా ఇస్తోంది కదా, అయితే మనకి భారం ఏముంది?
– బ్యాంకు ఉద్యోగిని, విజయవాడ

అమ్మా, మీరు బ్యాంకులో ఉన్నారు కాబట్టి సూటిగా చెప్తా. ముంబై లైన్‌కి మొదట వేసిన అంచనా 1.08 లక్షల కోట్లు, అందులో 81 శాతం జపాన్ సంస్థ జైకా అప్పు, వడ్డీ 0.1 శాతం, 50 ఏళ్ళలో తీర్చాలి, మొదటి 15 ఏళ్ళు కట్టక్కర్లేదు. నిజంగా మంచి అప్పే. కానీ అది యెన్లలో తీర్చాలి, రూపాయి పడిపోతే ఆ తేడా మనమే భరించాలి. పైగా ఇప్పుడు అంచనా రెండు లక్షల కోట్ల దగ్గరికి చేరింది, ఆ పెరిగిన దానికి ఎవరూ 0.1 శాతానికి ఇస్తామని ముందే రాసివ్వలేదు. కొత్త ఏడు లైన్లు కలిపితే నాలుగు వేల కిలోమీటర్లు, వాటికి ఇలాంటి అప్పు దొరుకుతుందనీ ఎవరూ చెప్పలేదు.

ఖర్చు పెరగడం అన్నది ఒక్క మన జబ్బే కాదు. జపాన్‌లో మొట్టమొదటి టోక్యో–ఒసాకా లైన్‌కి కూడా అంచనా దాదాపు రెట్టింపు అయింది, ఆ రైల్వేకి అధ్యక్షుడిగా ఉండి దాన్ని పట్టుబట్టి కట్టించిన సొగో షింజీ 1963లో పదవి వదిలేయాల్సి వచ్చింది, మరుసటి ఏడు 1964 అక్టోబర్ 1న ఆ లైన్ మొదలైన రోజు ఆయన్ని వేడుకకి పిలవలేదు. ఆ లైన్‌కి ప్రపంచ బ్యాంకు 8 కోట్ల డాలర్ల అప్పిచ్చింది, జపాన్ 1981కల్లా మొత్తం తీర్చేసింది, ఇప్పటికీ అది బంగారు బాతే. ఎందుకంటే ఆ రెండు ఊళ్ళ మధ్య అంత జనం ఉన్నారు, పాత లైన్ కిక్కిరిసిపోయి ఉంది.

చైనాలో కూడా బీజింగ్–షాంఘై లాంటి లైన్ లాభాల్లో ఉంది, కానీ జనం పల్చగా ఉన్న చోట్లకి వేసిన లైన్లు చాలా అప్పుల మీదే నడుస్తున్నాయి, వాళ్ళ రైల్వే సంస్థ అప్పులు 6 లక్షల కోట్ల యువాన్లు దాటాయి. కాబట్టి బుల్లెట్ మంచిదా చెడ్డదా అని టీవీలో అరుచుకోవడం కంటే ఒక్కో లైన్‌కి రోజుకి ఎంతమంది ఎక్కుతారని లెక్క వేశారో అడగాలి, ఆ రిపోర్టు తెలుగులో కూడా వేసి, భూమి అడగడానికి ముందే, జనం ముందు పెట్టాలి. ఇంత డబ్బు, ఇంత భూమి తీసుకునేవాళ్ళని నేను అడిగేది ఈ ఒక్కటే, ఇందులో వెనక్కి తగ్గను.

సార్, మా స్టేషన్‌లో కరోనా ముందు రెండు ప్యాసింజర్లు, ఒక ఎక్స్‌ప్రెస్ ఆగేవి. తర్వాత ఎక్స్‌ప్రెస్ ఆపడం మానేశారు. మా కోడలు టౌన్‌లో నర్సు, రోజూ ఆటో మారి బస్సు మారి వెళ్తుంది. మాకు బుల్లెట్ వద్దు, మా రైలు మాకు ఇస్తే చాలు అని రాయండి.
– ప్రకాశం జిల్లా నుంచి ఒక తల్లి

రాశానమ్మా, మీరు రాసింది రాసినట్టే పెట్టాను.

నేను కంట్రోల్‌లో కూర్చున్నప్పుడు ఒక ప్యాసింజర్‌ని లూప్‌లో, అంటే స్టేషన్ పక్క లైన్‌లో పెట్టి మూడు రైళ్ళు దాటించిన రోజులు ఎన్నో. లోపల కూర్చున్న పాలవాళ్ళు, కూరగాయలవాళ్ళు, స్కూల్ టీచర్లు తిట్టుకుంటారని తెలుసు, కానీ లైన్ ఒకటే, పోయే రైళ్ళు పది. సింగిల్ లైన్ డబ్లింగ్ అయితే, డబుల్ లైన్ పక్కన మూడో లైన్ పడితే ఆ ప్యాసింజర్ కదులుతుంది, మీ కోడలు టైంకి ఇంటికొస్తుంది. నల్గొండ మీదుగా పోయే గుంటూరు–బీబీనగర్ లైన్ ఇన్నేళ్ళు సింగిల్‌గానే ఉండి 2023లో గానీ డబ్లింగ్‌కి కేబినెట్ ఓకే రాలేదు. కరోనా పేరుతో ప్యాసింజర్‌కి ఎక్స్‌ప్రెస్ చార్జీ పెట్టి 2024 ఫిబ్రవరి దాకా వసూలు చేశారు, పది రూపాయల టికెట్‌కి ముప్పై. ఇలాంటివి పేపర్లో మొదటి పేజీలో రావు.

హైస్పీడ్ లైన్ వేస్తే పాత లైన్ ఖాళీ అయి ప్యాసింజర్లకి దారి దొరుకుతుంది అని కొందరు వాదిస్తారు, అందులో నిజం ఉంది, జపాన్‌లో అదే జరిగింది. కానీ ఆ ఖాళీలో గూడ్స్ నింపుతారో ప్యాసింజర్ నడుపుతారో రాతపూర్వకంగా ఎవరైనా చెప్పారా? మీరు స్టాప్ కోసం అర్జీ పెట్టేటప్పుడు డీఆర్‌ఎం (రైల్వే డివిజన్ మేనేజర్) ఆఫీసుకి, ఎంపీకి రెండిటికీ పెట్టండి, రోజుకి ఎంతమంది ఎక్కుతారో, పాత రోజుల్లో ఎన్ని టికెట్లు అమ్మారో అంకెలతో పెట్టండి. అంకెలుంటే కాగితం కదులుతుంది.

బుల్లెట్ ట్రైన్‌కి పెట్టే డబ్బుతో ఉన్న రైళ్ళకి భద్రత పెంచొచ్చు కదా? మా దగ్గర ప్రమాదం జరిగినప్పుడు కవచ్ ఉంటే ఆగేది అన్నారు.
– టీచర్, విజయనగరం

మాస్టారూ, మీరు చెప్పేది 2023 అక్టోబర్ 29న కంటకాపల్లి దగ్గర పలాస ప్యాసింజర్‌ని రాయగడ ప్యాసింజర్ వెనక నుంచి గుద్దింది, పద్నాలుగు మంది పోయారు. ఆ లైన్‌లో కవచ్, అంటే రైళ్ళు గుద్దుకోకుండా తనంతట తానే బ్రేక్ వేసే ఏర్పాటు, లేదు. కవచ్ మొదట పెరిగింది మన దక్షిణ మధ్య రైల్వేలోనే, లింగంపల్లి–వికారాబాద్–వాడి వైపు ట్రయల్స్ జరిగాయి, 2022 మార్చిలో మంత్రి గారు స్వయంగా ఇంజిన్‌లో కూర్చుని ఎదురెదురు రైళ్ళతో పరీక్ష చేయించారు. మన ఇంటి మందు మన పక్కింటికి అందలేదు అన్నంత బాధేసింది నాకు ఆ రోజు.

అయితే ఆ డబ్బు ఇటు మళ్ళించొచ్చు అన్నది అంత సులువు కాదు, జైకా అప్పు ఆ ప్రాజెక్టుకే ఇస్తుంది. కానీ మనుషులు, ఇంజినీర్లు, టెండర్లు, మంత్రి గారి టైం ఇవన్నీ ఒకటే కదా, ఏది ముందు అన్నది కచ్చితంగా మన ఇష్టమే. దేశమంతా కవచ్ వేయడానికి ఏడాది ఏడాదికి ఎన్ని కిలోమీటర్లు అని టార్గెట్ పెట్టి, ప్రతి ఏడూ పార్లమెంట్‌లో చెప్పాలి. జపాన్ బుల్లెట్ రైలు షింకన్‌సెన్‌లో 1964 నుంచి ఇప్పటిదాకా రైలు పట్టాలు తప్పో, రైలు రైలు గుద్దుకునో ఒక్క ప్రయాణికుడూ చనిపోలేదు, మనం అక్కడి నుంచి ముందు తెచ్చుకోవాల్సింది ఆ పట్టుదల.

నేను శాన్ హోసేలో ఉంటాను. ఇక్కడ హైస్పీడ్ రైల్ కథ చూశాక ఇండియాలో అయినా అవుతుందా అని డౌట్. అమెరికా చేయలేనిది మనం చేస్తామా?
– కాలిఫోర్నియా నుంచి

మీ దగ్గర 2008 నవంబర్‌లో జనమే ఓటేసి దాదాపు వెయ్యి కోట్ల డాలర్ల బాండ్లకి ఒప్పుకున్నారు, అప్పట్లో మొత్తం 3,300 కోట్ల డాలర్లలో, 2020కల్లా శాన్‌ఫ్రాన్సిస్కో–లాస్ఏంజిలిస్ రైలు అన్నారు. ఇప్పుడు అంచనా పది వేల కోట్ల డాలర్లు దాటింది, కడుతున్నది మధ్యలో మెర్సెడ్–బేకర్స్‌ఫీల్డ్ ముక్క. డబ్బంతా చేతిలో లేకుండా, భూమంతా తీసుకోకుండా కాంట్రాక్టులు ఇచ్చేశారు, ముక్క ముక్కకీ కోర్టు కేసు. ఇంగ్లండ్‌లో కూడా చూశాం కదా, బర్మింగ్‌హామ్ దాటి మాంచెస్టర్ దాకా పోవాల్సిన లైన్‌ని 2023 అక్టోబర్‌లో అప్పటి ప్రధాని రిషి సునాక్ రద్దు చేశారు.

మనం చేస్తామా అంటే, గుజరాత్‌లో పిల్లర్ల మీద ఒక్కొక్కటి 970 టన్నుల గిర్డర్లు మన వాళ్ళే ఎత్తి పెడుతున్నారు, థానే క్రీక్ కింద సముద్రంలో ఏడు కిలోమీటర్ల సొరంగం పని నడుస్తోంది. చేయగలం. నా డౌట్ చేతగానితనం మీద కాదు, తొందరపాటు మీద.

తాతయ్యా, బుల్లెట్ ట్రైన్ మా ఊరి రైలు పట్టాల మీద పోతుందా? పోతే నేను గేటు దగ్గర నిలబడి చూస్తా.
– తొమ్మిదో తరగతి, తెనాలి

పోదు కన్నా. మన పట్టాల మధ్య దూరం 1,676 మిల్లీమీటర్లు, అంటే అయిదున్నర అడుగులు. ముంబైలో వేస్తున్న బుల్లెట్ లైన్ పట్టాల మధ్య 1,435 మిల్లీమీటర్లే, జపాన్ షింకన్‌సెన్‌లో ఉన్నట్టు. కాబట్టి ఆ రైలు మన పట్టాల మీదికి రాలేదు, మన రైలు దాని మీదికి పోలేదు. దానికి గేట్లు కూడా ఉండవు, రోడ్డు ఎక్కడా అడ్డం రాదు, గంటకి 320 కిలోమీటర్ల స్పీడ్‌లో పోయే రైలుకి గేటు పెట్టడం కుదరదు. మలుపులు కూడా మన లైన్‌లో లాగా ఉండవు, వేల మీటర్ల వ్యాసార్ధంతో నెమ్మదిగా తిరుగుతాయి, లోపల కూర్చుంటే మలుపు తిరిగినట్టే తెలియదు.

పట్టాలు వేరు కాబట్టే రేపు ఆ రైలు దిగి మీ తెనాలి రైలు ఎక్కాలంటే స్టేషన్ మారాలి. రెండు స్టేషన్లూ ఒకే చోట కడితే మీ అమ్మ సామాను పట్టుకుని పది నిమిషాల్లో మారుతుంది, ఊరి బయట ఎక్కడో కడితే గంట ఆటోలో. మీ స్కూల్లో డిబేట్ పెడితే ఈ పాయింట్ చెప్పు. ఈలోపు మీ స్టేషన్‌కి వెళ్ళినప్పుడు ఆ అయిదున్నర అడుగులు ఎంతుంటుందో చూడు, ప్లాట్‌ఫాం మీద నుంచే చూడాలి, పట్టాల మీదికి దిగొద్దు.